మైకు బండి నికనోర్

పొద్దున్నే పెరట్లోకి పోతారు, ఆ తుప్పు బండి తలుపు లాగుతారు, సీటు కింద చెయ్యి పెట్టి కోడిగుడ్లు ఏరుకొస్తారు. వేయించుకుని తింటారు. ఇన్నేళ్ళలో మీలో ఒక్కడైనా "నానమ్మా, ఈ బండి ఎవరిది?" అని అడిగాడా? దాని నెత్తి మీద మిగిలిన ఒక్క మైకు గొట్టం ఊడబెరికి, కంత పూడ్చి, కోళ్ళకు దాణా గిన్నె చేశారు. అప్పుడైనా అడిగారా? ఫోన్లలో ముక్కూ మొహం తెలియనివాళ్ళ పెళ్ళిళ్ళు చూసి ఏడుస్తారు. మీ చిన్న తాత ఎలా పోయాడో మాత్రం మీకు అక్కర్లేదు. ఈ పిల్ల ఒక్కతి అడిగింది. అదీ ప్రేమ పొంగి కాదు, ఎవరిదైనా జీవితం రాసుకు రమ్మని బళ్ళో పంతులమ్మ చెప్పింది గనక. సరే, రాసుకో. నాకు రాయడం రాదు, రెండో తరగతిలోనే పత్తి ఏరడానికి లాక్కుపోయారు. నేను చెప్పింది చెప్పినట్టు పెట్టు. మధ్యలో నీ సోకులు చేర్చకు.

పేరు నికనోర్. మీ తాతకి కడగొట్టు తమ్ముడు. నేను ఈ ఇంట్లో కాలు పెట్టేసరికి బొటనవేలు చీకుతూ గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. మాటలు రావేమో అనుకున్నాను. వచ్చు, ఖర్చుపెట్టడు, అంతే. పెద్దవాడయ్యాక కూడా ఇంట్లో "వదినా, కాఫీ" అన్నాడంటే ఆ రోజుకి మాటలన్నీ అయిపోయినట్టే.

వయసులో సరిహద్దు ఏరు దాటి అవతలి ఒడ్డుకి, టెక్సస్‌లో ఉల్లి తోటల్లోకి వెళ్ళాడు. రెండు పంటలు కోసి తిరిగొచ్చాడు. మా అత్త ఎదురెళ్ళి చూస్తే భుజాన ఒక ఆంప్లిఫయరు, రెండు గొట్టాలు.

"అందరి కొడుకులూ డాలర్లు తెస్తే నా కొడుకు గొట్టాలు తెచ్చాడమ్మా! ఏం చేసుకోను వీటిని, చారు వడకట్టుకోనా?" అని ఆవిడ వీధిలో నిలబడి నెత్తి కొట్టుకుంది.

నికనోర్ ఒక పాత బండి కొన్నాడు, గొట్టాలు పైన బిగించాడు, మైకు చేతిలోకి తీసుకున్నాడు. అంతే, మా ఇంటి మూగవాడు పోయాడు, ఎవడో కొత్తవాడు బండిలో కూర్చున్నాడు. ఏం గొంతమ్మా! వీధి చివరి నుంచి వస్తుంటే పెనం మీద రొట్టె తిప్పడం మర్చిపోయేవాళ్ళం.

"సెవెరో కొట్లో ఈవేళ పంది కోశారు. తలకాయ కావాలన్నవాళ్ళు తొందరపడండి, ఒక పందికి ఒకటే ఉంటుంది."

"నల్ల మేక తప్పిపోయింది. కుడి కొమ్ము విరిగింది, మెళ్ళో ఎర్ర తాడు. దొరికినవాళ్ళు కోసుకోకుండా తెచ్చివ్వండి. ఇప్పటికే కోసేసి ఉంటే, యజమాని ముసలమ్మని భోజనానికైనా పిలవండి."

ఊరంతా నవ్వేది. ఇంటికొచ్చి బండి దిగాక మళ్ళీ మూగే.

చావు కబురు చెప్పేటప్పుడు మాత్రం హాస్యం లేదు. ముందు టేపులో చర్చి గంట వేసేవాడు. బండిని మనిషి నడకంత మెల్లగా నడిపేవాడు. పోయినవాళ్ళ పేరు, ఎవరి బిడ్డ, ఏ ఇంట్లో పడుకోబెట్టారు, ఎన్నింటికి తీసుకెళ్తారు. మన ఊరి సంగతి మీకు తెలియనిది కాదు. బండి తిరిగి చెప్పందే ఎవరూ శవం దగ్గరికి పోరు. పిలవని చావుకి పోవడం పిలవని పెళ్ళికి పోవడం కంటే తప్పు. అందుకే నికనోర్ చెప్పేదాకా ఎవరూ చచ్చినట్టు లెక్కకాదు.

పెళ్ళి చేసుకోలేదు. ఒకసారి మేమే బలవంతాన, హెర్మీలా అని ఊళ్ళో ఒక పిల్ల ఉంటే వాళ్ళింటికి సంబంధం అడగమని పంపాం. వెళ్ళాడు. వాళ్ళ నాన్న ఎదురుగా కూర్చున్నాడు, మందార నీళ్ళు ఇస్తే తాగాడు, మళ్ళీ పోస్తే మళ్ళీ తాగాడు. పొద్దు వాలాక లేచి "వస్తానండీ" అని వచ్చేశాడు. "అడిగావా?" అంటే "మైకు తీసుకెళ్ళలేదు వదినా" అన్నాడు. మా ఇంట్లో అతను వేసిన హాస్యం అదొక్కటే అనుకుంటా. ఆ తర్వాత హెర్మీలాని ఇంకొకడు చేసుకున్నాడు, ఒక కొడుకుని ఇచ్చి ఏరు దాటి అటే పోయాడు. ఆవిడ గోధుమ రొట్టెలు కాల్చి అమ్ముకుని ఆ పిల్లాణ్ణి పెంచింది. ఒక్తావియో అని పేరు, తావో అనేవాళ్ళం. రోజూ పొద్దున్నే నికనోర్ బండి మొదట ఆవిడ రొట్టెల గురించే అరిచేది. కూలిగా వేడి రొట్టె ఒకటి కిటికీలోంచి అందించేది. వాళ్ళ కాపురం అంతే.

తర్వాత వాళ్ళొచ్చారు. పేరు పలకను. అప్పుడూ పలకలేదు, ఇప్పుడూ పలకను. వాళ్ళు అంటే వాళ్ళే. ఏటి మీద వంతెన ఎవడి చేతిలో ఉంటే అటు పోయే మత్తు పొడి వాడిది, అవతలి నుంచొచ్చే తుపాకులు వాడివి. రెండు ముఠాలు కొట్టుకుంటుంటే మధ్యలో మనం. ఒక మధ్యాహ్నం రెండు కార్లు నికనోర్ బండికి అడ్డం నిలిచాయి. కొట్టలేదు, మర్యాదగానే మాట్లాడారట.

"తాతా, నీ గొంతు మాకిష్టం. మేకల గురించి చెప్పుకో. మనుషుల గురించి చెప్పకు. మేం పడేసిన శవాలు గానీ, తప్పిపోయినవాళ్ళ పేర్లు గానీ ఆ గొట్టాల్లోంచి వినిపించకూడదు."

తలూపి ఇంటికొచ్చాడు. ఆ రాత్రి అన్నం తినలేదు. అప్పట్నుంచి బండి గ్యాసు గురించీ గొర్రెల గురించీ మాత్రమే మాట్లాడింది. మనుషులు తగ్గిపోతూనే ఉన్నారు.

తావోని పట్టుకుపోయింది వానలు మొదలవ్వకముందు. వాడికి పంతొమ్మిదేళ్ళు, టైర్ల కొట్లో పని. హెర్మీలా మర్నాడే మా ఇంటికొచ్చింది, చేతులకి పిండి అలాగే ఉంది. నికనోర్ గుమ్మంలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

"నికనోర్, తావో కనపడ్డం లేదని చెప్పు. బండి తిప్పు."

ఇతను గ్లాసులోకి చూశాడు.

"నిన్నే. నీలం చొక్కా, మోచేతి దగ్గర గ్రీజు మరక. ఎడమ కనుబొమ మీద కోత. చెప్పు."

"హెర్మీలా... వాళ్ళు..."

"నాకు తెలుసు వాళ్ళెవరో! మేక తప్పిపోతే ఊరు దద్దరిల్లేలా అరుస్తావు. కొమ్ము విరిగిందంటావు, ఎర్ర తాడంటావు. నా కొడుక్కి కొమ్ములు లేవనా? మెళ్ళో తాడు కట్టి పెంచితే అరిచేవాడివా?"

నేను మధ్యలోకి వెళ్ళి "వదిలెయ్ హెర్మీలా, అతన్ని కూడా చంపుకుందామా" అన్నాను. ఆవిడ నా మొహం చూడలేదు. పోతూ పోతూ "రేపట్నుంచి నా రొట్టెల గురించి అరవకు. రొట్టె ఇవ్వను కూడా" అంది. అన్నట్టే ఇవ్వలేదు. అయినా ఇతను రోజూ పొద్దున్నే ఆ కిటికీ ముందు బండి ఆపేవాడు. కిటికీ తెరుచుకునేది కాదు. కాసేపు చూసి వెళ్ళిపోయేవాడు.

ఇక చర్చి హాల్లో జరిగిన సభ సంగతి. అవతలి ఒడ్డు నుంచి డోరిస్ అని ఒక ముసలావిడ మన చర్చి ఫాదర్ దగ్గరికి వస్తూండేది. ఆవిడ కొడుకు ఆ పొడి పీల్చి స్నానాల గదిలో చచ్చిపడ్డాడు. ఆవిడా, ఫాదరూ కలిసి రెండు ఒడ్డుల వాళ్ళూ కూర్చుని మాట్లాడుకోవాలన్నారు. ఈ చావులు ఎలా ఆపాలి, ఎవరు ఏం చెయ్యాలి అని. ఆదివారం పూజయ్యాక, చర్చి హాల్లో, తలుపులు వేసుకుని. చెవిలో చెప్పుకున్న పిలుపులు. హాల్లో మైకు పెట్టె కాలిపోయిందని నికనోర్‌ని అడిగారు. బండి బయట నిలబెట్టి, వైరు కిటికీలోంచి లోపలికి లాగి, లోపల ఒక పెట్టె పెట్టాడు. పైన గొట్టాలకి వేరే మీట ఉంటుంది, అది కట్టేశాడు. నేను వెళ్ళలేదు, మోకాలు వాచి ఉంది.

లోపల ఫాదర్ ప్రార్థన అవ్వగానే బయట బండి ఇంజను ఆగిపోయింది, దాంతో మైకూ పోయింది. నికనోర్ బయటికి పరిగెత్తి తాళం తిప్పాడు. ఇరవై ఏళ్ళ పైగా ఆ చెయ్యి ఒకే పని చేసింది. తాళం తిప్పడం, వెంటనే గొట్టాల మీట పైకి ఎత్తడం, రెండూ ఒక్క ఊపులో. ఆ రోజూ అలాగే చేసింది. అతనికి తెలియనే తెలియదు. లోపలికెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. మట్టి గోడలు మూరెడు మందం, కిటికీలు బిగించారు, రెండు కూలర్లు గోల పెడుతున్నాయి, పెట్టె వాళ్ళ చెవుల్లోనే అరుస్తోంది. బయట ఊరంతా వినపడుతోందని లోపల ఒక్కరికీ తెలియదు.

నేను తొట్టి దగ్గర బట్టలు ఉతుకుతున్నాను. ఆకాశంలోంచి డోరిస్ గొంతు దిగింది, వచ్చీరాని మన భాషలో.

"మొదటిసారి మిమ్మల్ని తిట్టడానికే వంతెన దాటాను. మీరు కూడా నన్ను తిట్టడానికే కూర్చున్నారని ఇక్కడికొచ్చాక తెలిసింది."

హాల్లో నవ్వులు. అందరూ వినాలని ఫాదరే పెట్టించాడు కాబోలనుకుని నేనూ నవ్వాను. వెంటనే మాంసం కొట్టు సెవెరో లేచాడు. వాడి గొంతుకి మైకు ఎందుకు అసలు.

"తిట్టమా మరి? మీవాళ్ళు కొంటేనేగా మావాళ్ళు అమ్మేది! మీ ఊళ్ళో తుపాకులు టమాటాల్లా అమ్ముతారు. పొడి అటు పోతుంది, తూటాలు ఇటొస్తాయి, ఎవడూ ఆపడు. నేను మా అక్కకి రెండు కిలోల మాంసం పట్టుకెళ్తే మాత్రం వంతెన మీద లాక్కుంటారు!"

"నువ్వేమంటావు సెవెరో, ఏం చేద్దాం?" బడి మాస్టారి గొంతు.

"అవతలి దేశం సైన్యాన్నే రమ్మందాం. విమానాలున్నాయి వాళ్ళకి. వారంలో ఊడ్చేస్తారు."

"మన సైన్యం వచ్చింది కదయ్యా పోయినేడు. ఊడ్చిందా? నా బడి గోడకున్న చిల్లులు చూపించి పిల్లలకి కూడికలు నేర్పుతున్నాను. వాళ్ళ సైన్యం వస్తే ఆ చిల్లులు పెద్దవవుతాయి, అంతే తేడా. సారాని ఒప్పుకున్నట్టు ఈ పొడినీ చట్టంలో ఒప్పేసుకుంటే, దొంగతనంగా అమ్మేవాడికి పనుండదు."

"అవును నాయనా, రేపట్నుంచి వాళ్ళు మామిడిపళ్ళు అమ్ముకుంటారు" అని నేను చేతిలో చొక్కాతో అన్నాను.

"ఊరిని ఎవడో ఒకడికి అప్పజెప్పేద్దాం" అని రొట్టెల బట్టీ ముసలాయన. "మా రోజుల్లో ఒక్కడే ఉండేవాడు. వాడూ దొంగే. కానీ ఎవడికి దణ్ణం పెట్టాలో తెలిసేది. ఇప్పుడు ఒకడికి పెడితే రెండోవాడు చేతులు నరుకుతున్నాడు."

అప్పుడు నాకు అనుమానం వచ్చింది. ఇవి తలుపులు వేసుకుని అనుకునే మాటలు. వీధిలోకి చూశాను. ఎదురింటి కిటికీ మూసుకుంది. పక్కిల్లు. ఆ పక్కది. ఆదివారం మధ్యాహ్నం వీధిలో ఒక కుక్క కూడా లేదు. ఇంకో సంగతి గుర్తొచ్చింది. పొద్దున హెర్మీలా నల్ల శాలువా కప్పుకుని నా గుమ్మం ముందు నుంచే వెళ్ళింది. "ఈవేళ నేనూ మాట్లాడతా" అంది.

తడి బట్ట అక్కడే పడేసి పరిగెత్తాను. ఈ మోకాలితోనే. చర్చి ఊరికి ఆ చివర. నేను పరిగెడుతుంటే నా నెత్తి మీదే ఆవిడ గొంతు మొదలైంది. మెల్లగా, రొట్టెలు ఒత్తుతూ మాట్లాడినట్టు.

"మీరంతా సరిహద్దు, సరిహద్దు అంటున్నారు. నా కొడుకుని తీసుకుపోయినవాడు ఏ సరిహద్దూ దాటలేదు. వీధి దాటాడు."

"ఆపండయ్యా! ఆపండి దాన్ని!" అని నేను అరుస్తున్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"టైర్ల కొట్టు వెనకింటి రోహెలియో. చిన్నప్పుడు నా పెనం దగ్గర నిలబడి మొదటి రొట్టె నాకే అని ఏడ్చేవాడు. ఆ రోజు కారు దిగి 'అత్తా, తావోతో చిన్న పనుంది' అన్నాడు. నేనే కేకేసి పిలిచాను. నాకు సైన్యం వద్దు, చట్టం వద్దు. మీలో ఎవరైనా వెళ్ళి వాణ్ణి అడగండి, ఎక్కడ పాతిపెట్టావని. శిక్షలేమీ వద్దు. ఎముకలిస్తే చాలు."

హాలు తలుపు మీద రెండు చేతులా బాదాను. నికనోరే తీశాడు. తలుపు తీయగానే హెర్మీలా గొంతు లోపలి నుంచీ వచ్చింది, ఆకాశం నుంచీ వచ్చింది. అతను పైకి చూశాడు. నేనేమీ చెప్పనక్కర్లేకపోయింది. వెళ్ళి మీట దించాడు. ఊరు ఒక్కసారిగా నిశ్శబ్దం.

"ఏం చేశావయ్యా?" అన్నాను.

"చెయ్యి వదినా," అన్నాడు. తన కుడి చేతిని పట్టుకుని చూసుకుంటున్నాడు, ఎవరిదో దొరికినట్టు. "చెయ్యి చేసేసింది."

సంగతి తెలియగానే హాలు ఖాళీ అయింది. సెవెరో అంత మనిషీ వెనక గోడ దూకాడు. మిగిలింది ఫాదరు, డోరిస్, మేం ముగ్గురం. డోరిస్ వ్యాను తలుపు తెరిచి హెర్మీలా చెయ్యి పట్టుకుంది.

"వంతెన దగ్గరికి పోదాం. ప్రాణభయం అని చెప్తే లోపలికి తీసుకోవాలి, అది చట్టం. నేను పక్కనే ఉంటాను. రా."

హెర్మీలా కదల్లేదు. "నేను పోతే ఎలా? తావో వస్తాడు. ఇల్లు తాళం వేసుంటే?"

"ఎముకలిమ్మని ఇప్పుడేగా అడిగావు!" అని నేను కసిరాను. నోరు అలాంటిది నాది.

"అడిగాను. అయినా వస్తాడేమో."

నికనోర్ ముందుకొచ్చాడు. "వస్తే నేను చెప్తా. మీ అమ్మ అవతలుందని."

"నువ్వా? వాడు మేక కాదుగా, నువ్వు చెప్పడానికి."

"నీలం చొక్కా అన్నావు," అన్నాడు. "గ్రీజు మరక ఏ మోచేతికి?"

ఆవిడ అతని మొహం వంక చూసింది. "ఎడమ."

"కోత?"

"అదీ ఎడమే. కనుబొమ మీద."

తలూపాడు. బండెక్కాడు. డోరిస్‌తో "వంతెన అటు. నేను ఇటు ఇటుకబట్టీల వైపు పోతాను. నా గొంతు దూరం వెళ్ళాకే బయల్దేరండి" అన్నాడు. అంత పొడుగు మాట మైకు లేకుండా అతను మాట్లాడ్డం నేను వినడం అదే మొదలు. నేను బండి తలుపు పట్టుకున్నాను.

"నీకేం పోయేకాలమయ్యా? నువ్వూ ఆ వ్యాను ఎక్కు!"

"ఇద్దరం ఒకే దారిలో పోతే ఇద్దర్నీ ఒకే దారిలో పట్టుకుంటారు వదినా. తలుపు వదులు." తలుపు వేసుకుని, "కాఫీ ఉంచు" అన్నాడు.

తాళం తిప్పాడు, మీట ఎత్తాడు. ఒక్క ఊపులోనే.

"కనపడ్డం లేదు. ఒక్తావియో. హెర్మీలా కొడుకు. పంతొమ్మిదేళ్ళు. నీలం చొక్కా, ఎడమ మోచేతి దగ్గర గ్రీజు మరక, ఎడమ కనుబొమ మీద కోత. ఎక్కడున్నాడో రోహెలియోకి తెలుసు. ఈ మాట చెప్తున్నది నికనోర్. మళ్ళీ చెప్తున్నాను."

మనిషి నడకంత మెల్లగా పోయింది బండి. తావో పేరయ్యాక ఆగలేదు. ఇటుకబట్టీ అన్నదమ్ములు. రొట్టెల బట్టీ ముసలాయన మనవరాలు. బస్సులోంచి దింపేసినవాళ్ళు. ఇన్నాళ్ళూ దిగమింగిన పేర్లన్నీ ఒక్కొక్కటే, ఏ చొక్కా, ఏ మచ్చ, ఎవరి బిడ్డ. అన్నీ గుర్తున్నాయి మనిషికి. హెర్మీలా వ్యానులో కూర్చుని వింటోంది. గొంతు బాగా దూరమయ్యాక డోరిస్ వ్యాను కదిలింది. మూలమలుపుల్లో కాపలా ఉండే వాళ్ళ కార్లు సర్రున నా ముందు నుంచే శబ్దం వెంట పోయాయి. వంతెన దారిలో ఒక్కటీ మిగల్లేదు.

నేను ఇంటికొచ్చి పొయ్యి మీద కాఫీ పెట్టాను. గొంతు ఇంకా వస్తోంది. సన్నగా, తోటల మీంచి. ఎవరిదో అమ్మాయి పేరు మొదలుపెట్టాడు. సగంలో ఆగింది. ఆ అమ్మాయి ఎవరో నాకు ఈరోజుకీ తెలియదు.

బట్టీల దగ్గర దొరికాడు. ఎలా దొరికాడో నువ్వు రాయనక్కర్లేదు. బండి ఇంజను తిరుగుతూనే ఉందట.

శవాన్ని ఈ గదిలోనే పడుకోబెట్టాం. కబురు చెప్పడానికి బండి లేదు, దాన్ని బట్టీల నుంచి పెరట్లోకి లాగించింది తర్వాత. చెప్పే మనిషి ఇక్కడే పడుకుని ఉన్నాడు. నేనొక పళ్ళెం, గరిటె తీసుకుని వీధి వీధీ తిరిగాను. పళ్ళెం కొట్టడం, చెప్పడం. "నికనోర్ పోయాడు. మా ఇంట్లో ఉన్నాడు. రేపు పదింటికి తీసుకెళ్తాం." తలుపులు తెరుచుకోలేదు. సెవెరో తలుపు వెనక నుంచి "విన్నానమ్మా" అన్నాడు. వచ్చింది ఫాదరు, మాస్టారు. చివర్లో సెవెరో టోపీ మొహం మీదికి లాక్కుని వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు. మొయ్యడానికి మనుషులు చాలక నేనూ భుజం పట్టాను.

హెర్మీలా వంతెన దాటింది. అక్కడి సరిహద్దు పోలీసులు చాన్నాళ్ళు తాళం వేసిన చోట ఉంచారు, తర్వాత వదిలారు. ఇప్పుడు అవతల ఉల్లిపాయలు ఏరే షెడ్డులో పని. ఆదివారాలు ఫోన్ చేస్తుంది. ఎలా ఆపాలి అని అక్కడ ఇంకా సభలు పెడుతూనే ఉన్నారట. సైన్యం అంటారట, చట్టం అంటారట, డోరిస్ ఆవిణ్ణి తీసుకెళ్తుందట. మైకు ఇస్తే ముందు అది ఎక్కడిదాకా వినపడుతుందో అడిగి అప్పుడు మాట్లాడుతుందట. రోహెలియోని మరుసటేడు రెండో ముఠావాళ్ళు కాల్చేశారు. ఎక్కడ పాతిపెట్టాడో వాడితోనే పోయింది. ఫోన్ పెట్టేముందు హెర్మీలా ప్రతిసారీ "తావో ఏమైనా..." అంటుంది. లేదంటాను. "మీ పెరట్లో బండి?" అంటుంది. ఉందంటాను. కోళ్ళ సంగతి చెప్పలేదు.

ఆ గొట్టం కడిగి తెచ్చి మళ్ళీ పైన పెట్టండి. కోళ్ళకి ఇంకేదైనా గిన్నె చూడండి.

ఇంకేం రాయాలి? పుట్టిన తేదీ నాకు తెలియదు, పత్తి కోతల్లో పుట్టాడనేది మా అత్త. పోయేనాటికి నికనోర్‌కి యాభై ఒక్క ఏళ్ళు.